తీసేసిన పదకొండు చుక్కలు

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, నల్ల గొంగడిలో చుట్టిన నోటుపుస్తకం ఒకటి ఉంది. నీలం అట్ట. వానకు తడిసి, ఆరి, ఉబ్బిపోయిన పేజీలు. పెళ్లయ్యాక మూడు ఇళ్లు మారాం. మూడుసార్లూ దాన్ని సామాన్ల లారీ ఎక్కనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని నేనే తెచ్చుకున్నాను. అందులో నగలున్నాయేమో అని మా ఆయన వేళాకోళం చేశాడు. పుస్తకాన్ని తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. పదేళ్లుగా నేను మోస్తున్న బరువు మాత్రం అదే.

అందులో పదకొండు చోట్ల వివరాలు నా చేతిరాతతో ఉన్నాయి. ఆ పదకొండూ నేను తయారుచేసిన ఒక పటంలో ఉండాలి. లేవు. తీసేసింది నేనే.

చూశారా, రెండు ముక్కల్లో అయిపోయింది. ఇంత చిన్న మాటకు పదేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలంటే మాత్రం మీరు కాస్త ఓపిక పట్టాలి. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు. నాకు రీసెర్చి నేర్పిన సార్‌తో అనలేదు. ఎవరితో అనాలో ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అంటున్నాను. ఇది ధైర్యమేమీ కాదని నాకూ తెలుసు.

నేను మిర్యాలగూడలో ఒక కాలేజీలో జాగ్రఫీ చెబుతాను. పుట్టింది కోదాడ. నా క్లాసులో పటం కింద స్కేలు గీయకపోతే మార్కులు కోస్తాను. ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టకపోతే ఆ కాగితం తిరిగి ఇచ్చేస్తాను. మేడం దగ్గర తప్పుడు పటం చెల్లదు అని పిల్లలు చెప్పుకుంటారట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

2004లో నేను మా సార్ ప్రాజెక్టులో రీసెర్చి స్కాలర్‌ని. సూర్యాపేటలో కిరాయి గది. నల్గొండ జిల్లాలో కొన్ని మండలాల్లో ఏ నేల ఏ వాడుకలో ఉందో పటం చేయడం నా పని. ఆ పని ఎలా ఉంటుందంటే, పైనుంచి ఉపగ్రహం తీసిన ఫొటో ఒకటి మన దగ్గర ఉంటుంది. అందులోని రంగులను బట్టి కంప్యూటరు ఇది వరి, ఇది పత్తి, ఇది చెరువు, ఇది ఊరు, ఇది పనికిరాని బీడు అని విడగొడుతుంది. దాని మాట గుడ్డిగా నమ్మకూడదు. మనిషి వెళ్లి నేల మీద నిలబడి చూడాలి. చేతిలో జీపీఎస్ పట్టుకుని, నిలబడ్డ చోటును అందులో ఒక చుక్కగా దాచుకుని, అక్కడ నిజంగా ఏముందో పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత ఆ చుక్కలను కంప్యూటరు చేసిన పటం మీద పెడితే ఎన్ని కలిశాయో, ఎన్ని కలవలేదో తెలుస్తుంది. సరిపడినన్ని కలిస్తేనే ఆ పటం చెల్లుతుంది. కలవని చుక్కనే ఎక్కువ గౌరవించాలమ్మా, పటం ఎక్కడ తప్పో చెప్పేది అదే అని మా సార్ అనేవారు. ఆ మాట నేను ఇప్పటికీ క్లాసులో చెబుతుంటాను. ఎలా చెప్పగలుగుతున్నానో నాకే అర్థం కాదు.

మిర్యాలగూడ వైపు పని ఇట్టే అయిపోయింది. కాలువ కింద వరి, వరి పక్కన వరి. బస్సు దిగడం, గట్టు మీద నిలబడడం, రాసుకోవడం. తిరుమలగిరి వైపే నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. అంతా మెట్ట. పత్తి చేలు, బోర్లు, వాటి మధ్య రాళ్ల గుట్టలు, గుట్టల చుట్టూ బీళ్లు.

సైదులు పెదనాన్న నాకు పరిచయమైంది అక్కడే, వానాకాలంలో. గుట్ట మీదికి అడ్డదారి దొరికిందని సంబరపడి నేను ఒక ఊటనేలలో కాలు పెట్టాను. పైనుంచి ఒక కేక వినిపించింది.

"ఓ బిడ్డా, అటు పోకు, దిగబడ్తవ్!"

అప్పటికే మోకాలిదాకా దిగబడ్డాను. గొంగడిని కొప్పెరలా నెత్తి మీదుగా కప్పుకున్న ఒక మనిషి తీరిగ్గా దిగివచ్చి, ముందు నన్ను బయటికి లాగాడు. తర్వాత కర్ర పెట్టి బురదంతా కెలికి నా చెప్పు వెతికి తీశాడు. దాన్ని వాననీళ్లలో కడిగి మరీ చేతికిచ్చాడు. యాభై దాటిన మనిషి. గొల్లవాళ్లు, తాతల నాటి నుంచి గొర్ల మీదే బతుకు. వెనక గుట్టంతా ఆయన మంద. నేను పెదనాన్నా అని పిలిచాను. కోదాడలో నాకు సొంత పెదనాన్న ఉన్నాడు గానీ ఆయన నా చెప్పు కడిగే రకం కాదు.

వారం రోజులు ఆ మందతో నడిచాను. పొద్దున తిరుమలగిరి బస్సు దిగి, నడిచి గుట్ట దగ్గరికి వచ్చేసరికి నా కోసం చూస్తూ ఉండేవాడు. జీపీఎస్‌ను కోడిపిల్ల అనేవాడు. అది కీచుమంటుంది, నేనేమో దాన్ని తడవకుండా చున్నీ కింద పొదువుకుని తిరుగుతాను, అందుకని. "నీ కోడిపిల్ల లేసిందా బిడ్డా?" అని అడిగేవాడు. ఆకాశం కనబడితేనే అది పని చేస్తుంది. అందుకని నేను చేయి చాపి వానలో పట్టుకోవాలి. అలా నిలబడ్డప్పుడల్లా ఆయన తన గొంగడి విప్పి నా నెత్తి మీదుగా పట్టుకునేవాడు, నా చేయి మాత్రం బయటికి ఉండేలా. ఆయన తడిసేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

ఆ గుట్ట చుట్టూ ఉన్న బీడు గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. మొదటి వాన పడగానే మందను అక్కడికి తోలరు. లేత గడ్డి మేస్తే గొర్లకు చిటుకు రోగం వస్తుంది, పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి పడిపోతుంది. అందుకని గడ్డి ముదిరేదాకా ఊళ్లో గొల్లలంతా ఒక కట్టు మీద ఉండి, ఎవరి మందా దిగకుండా ఆ బీడును కాచుకుంటారు. ముదిరాక మూడు నెలలు అదే దిక్కు. అప్పుడు చేలన్నీ పంట మీద ఉంటాయి, గొర్రె మూతి పెట్టడానికి ఇంకెక్కడా జానెడు చోటు ఉండదు. కోతలయ్యాక పరవాలేదు. మందలన్నీ మిర్యాలగూడ వైపు నడుస్తాయి, వరి కొయ్యకాళ్లు మేయడానికి. అక్కడి రైతులే పిలిచి, ఎరువు కోసం తమ పొలాల్లో మంద పెట్టించుకుంటారు. మిగతా ఏడాది ఎలాగో గడుస్తుంది. ఆ మూడు నెలలు గడవాలంటే మాత్రం ఆ బీడు ఉండాలి. బీడు లేకపోతే మంద లేదు, మంద లేకపోతే సైదులు పెదనాన్నకు ఇంకో పని రాదు. నాకు తెలియక చేశానని రేపు ఎవరైనా నా తరఫున అంటే నమ్మకండి. నాకు ఇదంతా తెలుసు.

పదకొండు చోట్ల చుక్కలు పట్టుకున్నాను. ఒక్కో చోటును వాళ్లు ఏమని పిలుస్తారో ఆయన చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. ఆఖరి రోజు గుట్ట నెత్తిన కూర్చుని ఆయన సద్దిలో సగం నేను తిన్నాను. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. అప్పుడు అడిగాడు, మా జాగ గూడ పెడతవా బిడ్డా నీ పటంల అని. పెడతానన్నాను. మీ పేరు కూడా రాయనా అని అడిగితే నవ్వాడు.

"నా పేరెందుకు, మేసేది నేనా? గొర్ల జాగ అని రాయి. గంతే."

గొర్ల జాగ అని రాస్తానన్నాను. మాట ఇచ్చానని కూడా నాకు అనిపించలేదు. అది మామూలు విషయం కదా, ఉన్నది రాయడమే కదా.

మబ్బుల కింద ఉన్న నేలను ఆ ఉపగ్రహం ఫొటో తీయలేదు. అందుకని వానాకాలం ఫొటోలు పనికిరావు. మా ప్రాజెక్టుకు వచ్చింది ఎండాకాలం ఫొటో, ఒక్క మబ్బు మరక లేకుండా శుభ్రంగా ఉంది. అందులో ఆ బీడు ఎలా ఉంటుంది? ఎండిపోయి, రాయి తేలి, బోడిగా ఉంది. కంప్యూటరు దాన్ని పనికిరాని బీడులో వేసింది. కంప్యూటరును ఏమని తప్పుపడతాం? గడ్డి ఉండే రోజుల్లో పైన మబ్బులుంటాయి. మబ్బులు పోయేసరికి గడ్డి ఉండదు. ఆ గడ్డి సంగతి ఆ కంప్యూటరు గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

పదకొండు చుక్కల్లో ఒక్కటీ కలవలేదు. నేను గొర్ల మేత అని రాశాను, పటం పనికిరాని బీడు అంది. మొత్తం మీద చూస్తే కలవాల్సినదానికి కాస్త తగ్గింది. ఆ పదకొండూ లేకపోతే ఇబ్బంది లేకుండా దాటిపోతుంది.

సార్ కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. "మళ్లీ ఒకసారి పోయి చూసి రామ్మా, తొందరేం లేదు" అన్నారు. ఆ ఒక్క ముక్క ఆయన అనకుండా ఉంటే ఈ రోజు తప్పులో కొంత ఆయన మీదికి నెట్టేసేదాన్నేమో. ఆయన నాకు ఆ దారి కూడా ఉంచలేదు.

నేను వెళ్లలేదు. కోదాడ బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోయాను. మూడు రోజులు తిని పడుకున్నాను. ఎందుకు? ఫెలోషిప్ అయిపోవస్తోందని, పెళ్లి సంబంధం కుదిరిందని, ఒంట్లో బాగాలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. అన్నీ నిజమే. ఒక్కటీ కారణం కాదు. విసుగొచ్చింది. ఆ బురదలో మళ్లీ నడవబుద్ధి కాలేదు. ఒక మనిషి బతుకును చెరిపేయడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉండి ఉంటే కొంత నయంగా ఉండేదా? ఉండేదనే అనుకుంటాను. కనీసం చెప్పుకోవడానికి బాగుండేది.

తిరిగి వచ్చి సార్‌తో అన్నాను, వెళ్లి చూశాను సార్, ఆ వారమంతా వానలో జీపీఎస్ తప్పు చూపించింది, ఆ చుక్కలు పనికిరావు అని. ఆయన నా మొహం చూశారు. సరే అన్నారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని పదకొండు వరసలు ఎంచుకుని తీసేసే మీట నొక్కాను. చాయ్ చల్లారేలోపు అయిపోయింది.

అరపేజీ రాస్తే సరిపోయేది. ఎండాకాలం ఫొటోలో కనబడదు గానీ ఇక్కడ వానాకాలం మేత ఉంది అని ఆఖరి అధ్యాయంలో ఒక్క అరపేజీ. అంతకంటే పనికిమాలిన సంగతులు అందులో ఎన్ని రాయలేదు నేను! డిగ్రీ వచ్చింది. పెళ్లయింది. మిర్యాలగూడలో ఉద్యోగం వచ్చింది.

థీసిస్ నా బీరువాలో పడి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ మేం చేసిన పటాలు ఊరికే ఉండడానికి చేసినవి కావు. పనికిరాని బీళ్లు ఎక్కడున్నాయో వెతికి నూనె గింజల కోసం కానుగ మొక్కలు నాటాలని అప్పట్లో ఒక ఆఫీసు వాళ్లు చూస్తున్నారు. ప్రాజెక్టు పటాలు వాళ్లకు చేరాయి. అందులో నా పటం ఉంది. అందులో ఆ గుట్ట ఉంది. వాళ్లనేమీ అనడానికి లేదు. పనికిరాదని రాసి ఉన్నదాన్ని పనికొచ్చేలా చేద్దామనుకున్నారు. చుట్టూ కందకం తవ్వి, తీగ కొట్టారు.

ఇదంతా నాకు ఆయన చెబితేనే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వరి కోతలయ్యాక ఒక మధ్యాహ్నం, అటెండర్ వచ్చి మేడం, మీ కోసం గొర్లాయన ఎవరో వచ్చిండు అన్నాడు. వరండాలో సైదులు పెదనాన్న. మంద కాలువ అవతలి పొలాల్లో దిగిందట, నేను ఇక్కడ పని చేస్తున్నానని ఎవరి ద్వారానో విని, దారి అడుగుతూ నడిచి వచ్చాడు. చంకలో ఒక మూట.

"డాక్టరమ్మవయినవంట గద బిడ్డా!"

మూట విప్పి కొత్త గొంగడి నా భుజాల మీద వేశాడు. పిల్లలంతా చూస్తున్నారు. "మన గొర్ల ఉన్నే. ఆ వానల నువ్వు వణుకుడు యాదికొచ్చి నేయించిన" అన్నాడు. దాని వాసన నాకు వెంటనే ఆ వారాన్ని గుర్తు చేసింది. చెప్పలేనంత సంతోషం కలిగింది. అదీ నిజమే, అందుకే రాస్తున్నాను. నాలో తప్పు చేసిన మనిషి ఒకతె ఉందని ఆ క్షణం నాకు గుర్తే లేదు.

"బిడ్డా, మన జాగకు తీగ కొట్టిన్రు. గొర్లను పోనిస్తలేరు."

పిల్లలను క్లాసులోకి వెళ్లమన్నాను.

"ఆఫీసుకు పోయిన. ఆల్లు పటం తీసిన్రు. నేను జెప్పిన, సారూ, ఈ పటం చేసిన పిల్ల నాకు ఎరికే, మాతోని వారం దినాలు తిరిగింది, అండ్ల గొర్ల జాగ అని రాసి ఉంటది, జర మంచిగ సూడుండ్రి అని. సూసి లేదన్నరు. పనికిరాని బీడని ఉన్నదట."

నేను గొంగడి అంచు పట్టుకుని నేల చూస్తున్నాను.

"నేనన్న, ఆ పిల్ల తప్పు రాయది సారూ, ఆ మిషినే వానకు తడిసి తప్పు సూపెట్టి ఉంటది అన్న. గంతేనా బిడ్డా?"

మా సార్‌కు నేను చెప్పిన అబద్ధం అది. అచ్చం అదే. ఈయన మా సార్‌ను ఎన్నడూ చూడలేదు. నన్ను కాపాడడానికి తనంతట తానే వెతుక్కుని, నా అబద్ధాన్నే నాకు తెచ్చి ఇచ్చాడు.

"అవును పెదనాన్నా. మిషినే."

"సూడు, నేనదే అన్న!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. నా మీద ఆయనకు అనుమానం ఏ మూలనైనా ఉండిందేమో తెలియదు. ఉంటే ఆ క్షణంలో పోయింది. "గట్లయితే ఒక్క కాయితం రాసియ్యి బిడ్డా. మిషిన్ తప్పు సూపెట్టింది, ఈడ వానకాలం గొర్లు మేస్తయి అని రాసి సంతకం పెట్టు. డాక్టరమ్మవు, నీ మాట ఇంటరు."

"అది నా చేతుల్లో లేదు పెదనాన్నా. ఒకసారి ఇచ్చేశాక మార్చడానికి ఉండదు."

"ఉండదా?"

"ఉండదు."

ఆయన నా భుజం మీద గొంగడి సర్దాడు. తర్వాత, ఏడుస్తున్న పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"పోనీతియ్. నువ్వేం జేస్తవ్ పాపం. పరేషాన్ గాకు."

కాంటీన్‌లో చాయ్ తాగించాను. సాసర్‌లో పోసుకుని తాగాడు. పిల్లలు మంచిగ ఇంటరా నీ మాట అని అడిగాడు. మంద ఒంటరిగా ఉందని లేచి వెళ్లిపోయాడు. గేటు దగ్గర తిరిగి చూసి చేయి ఊపాడు.

నా చేతుల్లోనే ఉంది. నోటుపుస్తకం ఇంట్లో ఉంది, కాలేజీ నుంచి పావుగంట నడక. పదకొండు చోట్లు, తేదీలతో సహా. ఒక కాగితం మీద ఎక్కించి సంతకం పెడితే తీగ తీసేసేవాళ్లని చెప్పలేను, తీయకపోనూ వచ్చు. కానీ ఆయన చేతిలో చూపించడానికి ఒకటి ఉండేది. ఎందుకు రాయలేదు? రాస్తే ఈ చుక్కలు ఇన్నాళ్లూ ఎక్కడున్నాయి అని అడుగుతారు. మా సార్ వింటారు. డిగ్రీ గురించి అడుగుతారు, డిగ్రీ మీద వచ్చిన ఉద్యోగం గురించి అడుగుతారు. ఇవన్నీ ఆ వరండాలో, ఆయన "ఉండదా?" అని అడిగేలోపే నా తలలో లెక్క తేలిపోయాయి. మీట నొక్కినప్పుడు నేను బద్ధకస్తురాలిని. సార్‌తో అబద్ధం చెప్పినప్పుడు పిరికిదాన్ని. ఆ వరండాలో మాత్రం అన్నీ తెలిసి, నిలబడి, గొంగడి కప్పుకుని, ఆయన బతుకూ నా ఉద్యోగమూ పక్కపక్కన పెట్టి చూసి, నాది తీసుకున్నాను.

ఆ తర్వాత ఆయన మళ్లీ మిర్యాలగూడ రాలేదు. ప్రతి ఏడూ కోతలయ్యాక రోడ్డు మీద మందలు వెళ్తుంటే ఆగి చూసేదాన్ని. ఆయన కనబడాలని చూసేదాన్నా, కనబడకూడదనా? ఒకసారి తిరుమలగిరి వైపు బస్సులో వెళ్తూ ఆ గుట్టను చూశాను. కానుగ మొక్కలు ఎండిపోయి పుల్లలు మిగిలాయి. తీగ మాత్రం అలాగే ఉంది. దాని లోపల గడ్డి నడుముదాకా పెరిగి ఉంది. మేసేవాళ్లు లేరు.

ఈ ఏడాది ఎండాకాలం, మా కాలేజీలో పని చేసే ఒకామె కూతురి పెళ్లికి సూర్యాపేట వెళ్లాను. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్న మనిషి నన్ను చూసి లేచాడు. నేను గుర్తుపట్టలేదు. గొంగడి లేకుండా, మంద లేకుండా ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. బిడ్డా అన్నాక తెలిసింది.

తీగ కొట్టిన మరుసటి వానాకాలం మందను రోడ్ల వెంట తిప్పాడట. చేల వాళ్లతో రోజూ కొట్లాటలు. ఎండిన గొర్లు, పడిపోయిన గొర్లు. ఆ పై ఏడు అన్నీ అమ్మేసి ఇక్కడికి వచ్చాడు. ఇదంతా మామూలుగా చెప్పాడు. తర్వాత హాల్ వెనక్కి తీసుకుపోయి చూపించాడు, గోడకు కట్టేసిన రెండు మేకలు. పెళ్లి భోజనాల అరిటాకులు వాటి ముందు వేస్తూ "ఇగ గీ రెండే నా మంద" అని నవ్వాడు. ఒక మేక నా చీర కొంగు నమలబోతే దాన్ని ముద్దుగా తిట్టాడు.

అక్కడ వంటవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లకు నన్ను చూపించి గర్వంగా చెప్పాడు.

"ఈమెనే నేను జెప్పలే, పటాలు చేసే డాక్టరమ్మ. మా జాగ రాసింది గానీ మిషిన్ మోసం జేసింది. అండ్ల ఈమె తప్పేం లేదు."

అంటే ఇన్నేళ్లుగా ఈ మాట చెబుతూనే ఉన్నాడు. ఎంతమందికి చెప్పి ఉంటాడు? ఎవరైనా నన్ను అనుమానిస్తే ఎన్నిసార్లు నా తరఫున కొట్లాడి ఉంటాడు? నోరు తెరిచాను. పెదనాన్నా అన్నాను. ఏంది బిడ్డా అన్నాడు, ఆ చూపు అలాగే ఉంది, బురదలోంచి నా చెప్పు తీసి ఇచ్చినప్పటి చూపే. ఎండగా ఉంది, నీడకు కూర్చోండి అన్నాను. అంతే అన్నాను. వచ్చేశాను.

ఆయనంటే నాకు ప్రాణం. ఈ మాట రాయడానికి నాకు హక్కు లేదేమో, అయినా నిజం. ఆయనకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబితే ఆయనకు మిగిలిన ఒక నమ్మకం కూడా పోతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది కూడా నన్ను కాపాడుకునే తెలివేనేమో. మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. మీరు క్షమించినా అది ఆయన క్షమించినట్టు కాదు. ఇన్నేళ్లూ రాయనిది ఒక్కసారి రాస్తే చేయి తేలికవుతుందేమో అని రాశాను. కొంచెం అయింది, అబద్ధమెందుకు.

ఇక ఆ పదకొండు. నోటుపుస్తకం ఎదురుగా పెట్టుకున్నాను. ఊరి పేరూ అంకెలూ రాయను, ఆయన చెప్పిన పేర్లు ఆయన చెప్పిన వరసలోనే రాస్తాను. నేను దిగబడ్డ ఊటనేల. ఎర్రగొర్రె ఈనిన బండ. జంట మోదుగులు. నక్క బొరియలు. పిడుగు పడ్డ తుమ్మ. గొర్లు మట్టి నాకే ఉప్పునేల. పుల్లమ్మ సద్ది దించే రాయి, పుల్లమ్మ అంటే ఆయన భార్య. తాత కూలబడ్డ చోటు. కుంటి పొట్టేలు గండి. సీతాఫలాల వాలు. ఆఖరిది గుట్ట నెత్తిన చదును, మేం సద్ది తిన్నది అక్కడే. దానికి పేరు లేదని, నువ్వే ఒకటి పెట్టమని అన్నాడు. పెడతానని మర్చిపోయాను.

ఈ పదకొండు చోట్లా గడ్డి ఉంది. గొర్లు మేస్తుంటే నా కళ్లతో చూశాను. అది గొర్ల జాగ. కోడిపిల్ల తప్పేమీ లేదు పెదనాన్నా. నేను ఎక్కడ నిలబడ్డానో అది ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. తీసేసింది నేను.